క్లారా షూమన్: కచేరీ వేదిక, పాఠాల గది

సభకు నమస్కారం. తిరుపతిలో సంగీతం నేర్చుకుంటున్న మీ ఎదుట ఒక జర్మన్ పియానో విద్వాంసురాలిని గురించి మాట్లాడటానికి నాకొక కారణం ఉంది. తిరుమల సంకీర్తన భాండారంలో దొరికిన రాగిరేకుల మీద అన్నమాచార్యుల సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. స్వరలిపి మాత్రం లేదు. పియానో సంగీతంలో ప్రతి స్వరమూ, అది ఎంతసేపు పలకాలో కూడా కాగితం మీదే ఉంటుంది. అలాంటప్పుడు అక్కడ గురువు నేర్పేదేమిటి? ఈ ప్రశ్నకు నాకు క్లారా షూమన్ జీవితంలో జవాబు దొరికింది.

1819లో లైప్‌జిగ్‌లో పుట్టిన ఆమె, తండ్రి వద్దనే శిక్షణ పొంది, 1828లో తొమ్మిదేళ్ల వయసున అక్కడి గెవాండ్‌హౌస్ వేదిక ఎక్కారు. 1856లో భర్త, స్వరకర్త రాబర్ట్ షూమన్ మరణించాక కచేరీల సంపాదనతోనే పిల్లలను పెంచారు. పుస్తకం ఎదుట పెట్టుకోకుండా కచేరీ చేసిన తొలితరం పియానో కళాకారులలో ఆమె ఒకరు. మనకు సహజమైన ఆ పద్ధతి అక్కడ అప్పటికి కొత్త.

1878లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని హోఖ్ సంగీత విద్యాలయంలో ఆమె అధ్యాపకురాలయ్యారు. ఇక్కడ వాద్యం సంగతి కాస్త చెప్పాలి. వీణ మెట్టు మీద తీగను పక్కకు లాగితే స్వరం మన వేలి కింద ఊగుతుంది. పియానోలో మీట నొక్కగానే లోపలి సుత్తి తీగను తాకి వెనక్కి పడుతుంది. ఆపైన ఆ స్వరాన్ని ఆపడమో, మోగనివ్వడమో తప్ప మలచడం వాయించేవారి చేతిలో ఉండదు. అందువల్ల నాదం ఎలా రావాలన్నది మీట కిందికి దిగే ఆ క్షణంలోనే తేలిపోతుంది. మీటలను పైనుంచి కొట్టవద్దనీ, వేళ్లను ఆనించి, మణికట్టు బిగించకుండా నొక్కాలనీ ఆమె శిష్యులకు నేర్పేవారు. ఆ ఒత్తిడి ఎంతో పక్కన కూర్చుని వింటున్న గురువే చెప్పాలి. మా గురువుగారు నా ఎడమచేతి చూపుడువేలిని తమ వేళ్ల మధ్య పట్టుకుని తోడి గాంధారం పలికించిన మధ్యాహ్నం నాకిప్పటికీ గుర్తుంది. అంతకుముందు నెల రోజులుగా పుస్తకంలో చూసి వాయించిన గాంధారం అది కాదు.

కచేరీ చేయలేనివారే పాఠాలు చెబుతారన్న మాట మన దగ్గరా వినిపిస్తూ ఉంటుంది, విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. క్లారా అధ్యాపకురాలైన తరువాత పదమూడేళ్ల పాటు వేదిక విడువలేదు. చేతుల నొప్పితో మధ్యమధ్య కచేరీలు మానుకోవలసి వచ్చినా, కోలుకోగానే మళ్లీ వాయించారు. 1891లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చివరి బహిరంగ కచేరీ చేసి, మరుసటి ఏడు ఉద్యోగం విడిచిపెట్టాక కూడా, శిష్యులు ఇంటికి వచ్చి ఆమె పక్కన కూర్చుని నేర్చుకుంటూనే ఉన్నారు.