బడి స్నేహితులతో పాటల బృందం: ముందు శ్రుతి కుదరాలి

(తెర మీద: పొద్దుటి ఎండ పడుతున్న డాబా, పరిచిన చాపలు)

నమస్కారం అండీ. ఇది విజయవాడ సత్యనారాయణపురంలో మా డాబా. ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి 15 మందిమి ఇక్కడ చేరతాం. అందరం ఒకే బడి, ఒకే బ్యాచ్.

మొదటి రోజు మా ప్రేయర్ పాటే ఎత్తుకున్నాం. ఎవరం ఒక్క మాట కూడా మర్చిపోలేదు. కానీ రెండో లైనుకే ఆడవాళ్ళ గొంతులు ఒక చోట, మగవాళ్ళవి ఇంకో చోట. చిన్నప్పుడు కలిసిన పాట ఇప్పుడెందుకు కలవట్లేదు?

(తెర మీద: స్వరతంతువుల బొమ్మ)

చిన్నప్పుడు ఆడపిల్లలకీ మగపిల్లలకీ స్వరతంతువుల పొడవు, అంటే గొంతులో కంపించి శబ్దం పుట్టించే మడతల పొడవు, దాదాపు ఒకటే. 12, 14 ఏళ్ళ వయసులో మగపిల్లలకి అవి బాగా సాగి, మందమవుతాయి. గొంతు సుమారు ఒక స్థాయి, అంటే పై ‘స’ నుంచి కింది ‘స’ దాకా, కిందికి దిగుతుంది. దిగుతున్న ఆ కొన్ని నెలలూ గొంతు చెప్పిన మాట వినదు, స్వరం జారిపోతుంది. ఆడపిల్లల గొంతూ మారుతుంది గానీ ఇంత తేడా రాదు. అందుకే కచేరీల్లో మగవాళ్ళు ఎక్కువగా ఒకటో శ్రుతి దగ్గర, ఆడవాళ్ళు ఐదు, ఐదున్నర దగ్గర పాడతారు. శ్రుతి అంటే పాటకి ఆధారంగా పట్టుకునే ‘స’ ఎత్తు; అంకె పెరిగితే ఆ ఎత్తు పెరుగుతుంది.

మాలో ఒకతన్ని తొమ్మిదో తరగతిలో అపశ్రుతి పాడుతున్నాడని ప్రేయర్ జట్టులోంచి తీసేశారు. గొంతు మారే వయసని ఎవరూ చెప్పలేదు. తనకి పాట రాదనే ఇన్నేళ్ళూ అనుకున్నాడు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

మరి శ్రుతి ఎలా కుదుర్చుకోవాలి? ఫోన్లో శ్రుతి పెట్టె యాప్ పెట్టుకుని, ఒక్కో శ్రుతిలో పల్లవి పాడి రికార్డు చేయండి. పై స్వరం అరుపులా ఉంటే శ్రుతి దించండి. కింది స్వరంలో మాట వినపడకపోతే పెంచండి. షడ్జం (స) నుంచి పై షడ్జం లోపలే తిరిగే పాట అయితే పని సులువు. మా ప్రేయర్ పాటకి ఒకటో శ్రుతి కుదిరింది, ఆడవాళ్ళం ఒక స్థాయి పైన పాడుతున్నాం. పాట అంతకంటే ఎక్కువ తిరిగితే చరణాలు పంచుకోండి.

గొంతులు ఎలా కలవాలో తెలియాలంటే ఆకాశవాణి భక్తి పాటల కార్యక్రమం భక్తిరంజని వినండి. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి, అందులో పనిచేసిన బాలమురళీకృష్ణ గారు మన ఊరికి ఇచ్చిన చెవి అది. అందులో బృందం పాడేటప్పుడు ఏ ఒక్క గొంతూ విడిగా పైకి రాదు.

హైదరాబాద్‌లో, అమెరికాలో ఉన్నవాళ్ళు వీడియో కాల్‌లో కలుస్తామంటారు. మేమూ ప్రయత్నించాం, తాళం నిలవలేదు. గాలిలో శబ్దం 10 మీటర్లు వెళ్ళటానికి సుమారు 30 మిల్లీసెకన్లు పడుతుంది. ఆలస్యం అంతకు మించితే తాళం జారటం మొదలవుతుంది. కాల్‌లో అది ఇంకా చాలా ఎక్కువ. అందుకని తంబూరా శ్రుతి, తాళం ఉన్న ఒక ట్రాక్ వాట్సాప్‌లో పంపండి. ఇయర్‌ఫోన్స్‌లో అది వింటూ ఎవరి గొంతు వాళ్ళు రికార్డు చేసి పంపితే తర్వాత కలుపుకోవచ్చు.

ఎదురుగా ఉన్నవాళ్ళు మాత్రం దగ్గరగా, గుండ్రంగా కూర్చోండి.

(తెర మీద: డాబా మీద బృందం, శ్రుతి మొదలవుతుంది)

ఇప్పుడు మీరు వినబోయే రెండో చరణం, తొమ్మిదో తరగతిలో తీసేసిన మా స్నేహితుడిది. ఒకటో శ్రుతిలో పాడుతున్నాడు.