కాగితం తెలుపు, మామిడి పసుపు
(తిరుపతిలో కొత్తగా నీటిరంగులు మొదలుపెట్టేవారి కోసం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. జూన్ ఉక్కలో, ఆదివారం పొద్దున్నే ఇంతమంది వస్తారనుకోలేదు. బొమ్మలు నేర్చుకోవడానికి వచ్చిన పిల్లల కంటే వాళ్లను తీసుకొచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలే ఎక్కువ ఉత్సాహంగా కనిపిస్తున్నారు. నేనూ ఆ బాపతే. యాభై దాటాక కుంచె పట్టినవాణ్ని, చిత్రకళాశాల గడప తొక్కినవాణ్ని కాదు. మీరు చేయబోయే తప్పులన్నీ నాకు ఇంకా గుర్తున్నాయి. ఇక్కడ నిలబడటానికి నాకున్న అర్హత అంతే.

నా మొదటి బొమ్మ కపిలతీర్థం. బడిపిల్లల రంగుబిళ్లల డబ్బా, ఒక పలచని డ్రాయింగు కాగితం తీసుకొని కోనేటి మెట్ల మీద కూర్చున్నాను. కొండ వేద్దామని నీళ్లు పట్టించగానే కాగితం అప్పడంలా పొంగింది. రంగంతా పల్లాల్లోకి జారి మడుగులు కట్టింది. సరిదిద్దాలని రుద్దినకొద్దీ కాగితం నుసినుసిగా లేచి, చివరికి జలపాతం ఉండాల్సిన చోట చిల్లు పడింది. పక్కన కూర్చున్న పెద్దావిడ తొంగిచూసి, "ఇది ఏ ఊరు నాయనా?" అని అడిగింది. నాకు ఈ విద్య రాసిపెట్టి లేదనుకొని ఆరు నెలలు కుంచె ముట్టలేదు. తప్పు నా చేతిది కాదు, కాగితానిదని ఆ తరువాత తెలిసింది. సరే, సగం చేతిదే. కానీ సగమే.

అందుకే ఉన్న డబ్బు దేని మీద పెట్టాలని ఎవరైనా అడిగితే కాగితం మీద అంటాను. 300 జీఎస్‌ఎం అని రాసి ఉన్నది కొనండి. అంటే చదరపు మీటరు కాగితం 300 గ్రాములు తూగుతుందన్నమాట. జిరాక్సు కాగితం 80 గ్రాముల లోపే ఉంటుంది. పూర్తిగా పత్తితో చేసిన కాగితం అన్నిటికంటే మంచిది, ధర కూడా అలాగే ఉంటుంది. పెద్ద షీటు ఒకటి కొని ఎనిమిది ముక్కలు చేసుకోండి, రెండు వైపులా వాడండి. కాస్త గరుకుగా ఉండే 'కోల్డ్ ప్రెస్డ్' రకం కొత్తవారి తప్పులను బాగా ఓర్చుకుంటుంది.

నీళ్లు పడగానే కాగితం ఎందుకు పీల్చేయదు? గంజి పెట్టిన పంచె మీద నీటిచుక్క పడితే కాసేపు ముత్యంలా నిలబడుతుంది కదా, ఇదీ అంతే. మంచి కాగితానికి జెలటిన్‌లాంటి పదార్థం పట్టించి ఉంటారు. రంగు లోపలికి దిగిపోకుండా పైనే కాసేపు ఆడుకునే వీలు దానివల్లే కలుగుతుంది. ఈ సంగతి మన పక్కనే శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవారికి తరతరాలుగా తెలుసు. బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాకే వాళ్లు కలం పడతారు. పాలలో కొవ్వు ఉంటుంది కనుక గీత పక్కకు పాకదు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లతో గీసిన గీత ఆ కరక్కాయ తగిలాకే నల్లబడుతుంది. ఒక్కసారి వెళ్లి ఆ పని చూసి రండి. రంగు వేయడానికి ముందు వాళ్లు ఎంత పని చేస్తారో చూస్తే, పది నిమిషాల్లో బొమ్మ అయిపోవాలనే మన తొందర మనకే నవ్వు తెప్పిస్తుంది.

ఇక రంగులు. ఇరవై నాలుగు గొట్టాల పెట్టె కొనవద్దు. లెమన్ ఎల్లో, ఒక ఎరుపు, అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఇటుకరంగు, ఈ నాలుగూ చాలు. నీటిరంగు అంటే తుమ్మజాతి చెట్టు బంకలో కలిపిన రంగుపొడి, అంతకంటే రహస్యం లేదు. నల్లరంగు గొట్టం ఇంట్లో ఉంటే దాచేయండి. నీలం, ఇటుకరంగు కలిపితే బూడిదవన్నె వస్తుంది. నీలం ఎక్కువైతే అలిపిరి నుంచి పొద్దున్నే కనిపించే దూరపు కొండ, ఇటుకరంగు ఎక్కువైతే సాయంత్రపు ఎండ పడిన కొండరాయి. శేషాచలమంతా ఆ రెండు గొట్టాల్లోనే ఉందని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది. కుంచెల సంగతి చెప్పడానికి పెద్దగా లేదు. కొస సన్నగా నిలిచే గుండ్రటి కుంచె, ఎనిమిదో నంబరుది, ఒకటి చాలు. నీళ్లకు మాత్రం రెండు గ్లాసులు పెట్టుకోండి. కాఫీ గ్లాసు పక్కన పెట్టుకోవద్దు, ఎందుకో చెప్పను.

అసలు కష్టం తెలుపు దగ్గర వస్తుంది. ముగ్గులో తెలుపును మనం వేస్తాం. ఇక్కడ తెలుపును వదిలేయాలి. ఈ రంగులు పారదర్శకం కనుక ముదురు మీద లేతది వేస్తే కనిపించదు. బొమ్మలో మెరిసే చోటు ఏదో కుంచె తడపకముందే తేల్చుకోవాలి. ఖాళీ కనిపిస్తే నింపేయాలని చెయ్యి లాగుతుంది. నాకు ఇప్పటికీ లాగుతుంది.

ఈ రోజు మనం వేయబోయేది మామిడికాయ. చిత్తూరు వైపు ఏ లారీ చూసినా ఇప్పుడు తోతాపురే కదా. చిలుకముక్కులాంటి ఆ కొస గీయడానికి సులువు, కాయ ఇదేనని ఇట్టే తెలిసిపోతుంది. పెన్సిలుతో తేలిగ్గా గీసి, వెలుగు పడే చోట చింతగింజంత వదిలేసి, మిగతా కాయంతా మంచినీళ్లతో తడపండి. ఆ తడిలో పసుపు వేయండి, నీళ్లమజ్జిగంత పలచగా. కాగితం ఇంకా మెరుస్తుండగానే కొస దగ్గర పసుపు, నీలం కలిపిన ఆకుపచ్చ తాకించండి. ఇది కొంచెం చిక్కగా, చిలికిన పెరుగులా ఉండాలి. తాకించి చెయ్యి తీసేయండి. ఆకుపచ్చ తనంతట తానే పసుపులోకి పాకుతుంది. ఆ రెండు రంగుల మధ్య వచ్చే లేతవన్నెను నేను ఎన్ని రంగులు కలిపినా తెప్పించలేకపోయాను, నీళ్లు తెప్పించాయి.

సగం ఆరిన చోట చిక్కటి రంగు తాకించినా పరవాలేదు కానీ, నీళ్లు ఎక్కువున్న కుంచె మాత్రం తగిలించకండి. ఆ నీళ్లు ఉన్న రంగును పక్కకు నెట్టి కాలీఫ్లవర్‌లాంటి మరకను మిగులుస్తాయి. ఆరిందో లేదో తెలియాలంటే వేళ్ల వెనుకవైపుతో తాకండి. చల్లగా తగిలితే తడి ఉన్నట్టే. పూర్తిగా ఆరాక రంగు ఒక మెట్టు వెలిసినట్టు కనిపిస్తుంది, కంగారుపడవద్దు. అప్పుడు నీడ. నీలంలో కాస్త ఇటుకరంగు కలిపి కాయ కింద ఒక్క పూత వేయండి. నీడ పడగానే కాయ కాగితం మీద కూర్చుంటుంది. అప్పటిదాకా గాలిలో వేలాడుతూ ఉంటుంది.

ఇంట్లో వేసేటప్పుడు మన ఎండల సంగతి మరిచిపోకండి. మే నెల మధ్యాహ్నం కుంచె ఎత్తేలోగా రంగు ఆరిపోతుంది, నవంబరు వానల్లో ఎంతసేపైనా ఆరదు. నేను వేసవిలో ఆరింటికే మేడ మీదకు వెళతాను.

పక్క గదిలో బల్లల మీద కాగితాలు, మనిషికో మామిడికాయ పెట్టి ఉంచాం. బొమ్మ అయ్యాక కాయ మీదే, ఉప్పూకారం కూడా తెచ్చాను. తడి సమానంగా ఆరాలి కనుక ఒక అరగంట ఫ్యాన్లు ఆపిస్తున్నాను. కాస్త ఓర్చుకోండి.