పెద్దమ్మ శాండ్‌విచ్: శాంటా మోనికా డెలీలో మా చీటీల కథ

[కప్పు కింద పెట్టిన చప్పుడు]

వదిన: ఆన్ అయిందా? ఎర్ర లైటు కనపడట్లేదే.

మరిది: ఎప్పుడో అయింది వదినా. నువ్వు టీ జుర్రడం కూడా ఎక్కింది.

వదిన: తీసెయ్ అది. సరే, అందరికీ నమస్కారం. పోయిన వారం ఎపిసోడ్‌లో పప్పుచారు మీద మేం పోట్లాడుకున్నది విని చాలామంది మెసేజ్‌లు పెట్టారు. అది మళ్ళీ తవ్వను. ఈవారం బేసిటీస్ సంగతి. లాస్ ఏంజిలస్ వైపు ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం నువ్వే చెప్పు.

మరిది: శాంటా మోనికాలో, లింకన్ బులెవార్డ్ మీద ఉంటుంది. బేసిటీస్ ఇటాలియన్ డెలీ. 1925లో పెట్టారు, అంటే వందేళ్ళ కొట్టు. డెలీ అంటే మన కిరాణా కొట్టే అనుకోండి. ఒక పక్క పాస్తా, ఆలివ్ నూనె డబ్బాలు, వైన్ సీసాలు. ఇంకో పక్క పొడుగాటి అద్దాల కౌంటర్. దాని వెనక మాంసం, చీజ్ కోసేవాళ్ళు. జనం మాత్రం సరుకులకి రారు. అందరూ ఆ కౌంటర్ దగ్గరే.

వదిన: శాండ్‌విచ్‌కి.

మరిది: గాడ్‌మదర్ అనే శాండ్‌విచ్‌కి. ప్రొషూటో, హామ్, కాపకోలా, మోర్టడెల్లా, జెనోవా సలామీ, పైన ప్రొవలోన్ చీజ్. అయిదు రకాల మాంసం.

వదిన: దాదాపు అన్నీ పందే.

మరిది: పందే. సలామీలో మాత్రం ఒక్కోసారి బీఫ్ కూడా కలుపుతారు, బీఫ్ ముట్టని మా ఫ్రెండ్స్ అడిగి మరీ తింటారు.

వదిన: నువ్వు మొదటిసారి వెళ్ళిన కథ చెప్పు. నవ్వొస్తుంది, అందుకే అడుగుతున్నా.

మరిది: అప్పుడు ఎమ్మెస్ మొదటి సెమిస్టరు. వెళ్ళానా, లోపల జనం. వరస ఎక్కడో తెలియలేదు. ఎవరి వెనకో నిలబడ్డా. ఇరవై నిమిషాలు. నా తర్వాత వచ్చినవాళ్ళంతా పొట్లాలు పట్టుకుని బయటికి పోతున్నారు. చివరికి పక్కనున్న పెద్దాయనెవరో జాలిపడి, చీటీ తీశావా బాబూ అన్నాడు. ఏం చీటీ?

వదిన: [నవ్వు] బ్యాంకులో టోకెన్ తియ్యకుండా కూర్చున్నట్టు.

మరిది: అచ్చం అంతే. అక్కడ నంబర్ల చీటీలుంటాయి, చింపుకోవాలి. బోర్డు మీద మన నంబరు పడితే కౌంటర్ దగ్గరికి పోవాలి. నేను నిలబడ్డది వరసే కాదు, ఆలివ్‌లు ఎంచుకుంటున్న ఒకావిడ వెనక!

వదిన: ఇరవై నిమిషాలు ఆవిడకి కాపలా కాశాడండీ మావాడు.

మరిది: అసలుది ఆ తర్వాత. నంబరు వచ్చింది, గాడ్‌మదర్ అన్నా. సైజు అడిగాడు, చెప్పా. తర్వాత "వర్క్స్?" అన్నాడు. నా గుండె జారిపోయింది. నేనేమో ఎఫ్-1 వీసా మీద ఉన్నవాణ్ణి. క్యాంపస్ బయట పని చెయ్యకూడదని ఓరియెంటేషన్లో చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పారు. "నో సర్, ఐయామ్ ఏ స్టూడెంట్" అన్నా.

వదిన: [గట్టిగా నవ్వు] ఇది ఎన్నిసార్లు విన్నా...

మరిది: అతను ఒక్క క్షణం నా మొహం చూశాడు. వర్క్స్ అంటే అన్నీ వెయ్యమంటావా అని. మయొనీస్, ఆవపిండి సాస్, ఉల్లిపాయ, పికిల్, టమాటా, లెట్యూస్, ఇటాలియన్ డ్రెస్సింగ్, మిరపకాయలు. మన దగ్గర దోసెకి "అన్నీ వేసెయ్" అంటాం చూడు, ఆ మాట.

వదిన: ఇంకో ప్రశ్న కూడా ఉంటుందిగా.

మరిది: మిరపకాయలు మైల్డా, హాటా అని. గుంటూరు పక్కన పుట్టి మైల్డ్ అంటే పరువు పోతుంది కదా, హాట్ అన్నా. నిజానికి అది కారం కాదు వదినా. వెనిగర్లో ఊరేసిన మిరపకాయ. కారం కంటే పులుపే ముందు తగులుతుంది. ఆ పులుపు లేకపోతే అంత కొవ్వు మాంసం రెండు ముక్కలకే వెగటు కొడుతుంది. పప్పులో నెయ్యి ఎక్కువైతే పక్కన ఊరగాయ పెట్టుకోమూ, ఆ లెక్క.

వదిన: బ్రెడ్డు సంగతి చెప్పకుండా దాటెయ్యకు. నాకు ఆ కొట్టంటే బ్రెడ్డే.

మరిది: చెప్తున్నా. అక్కడే కాలుస్తారు. పైపెంకు గట్టిగా, పట్టుకుంటే పెళుసుగా చప్పుడొస్తుంది. మొదటి ముక్క కొరికితే అంగిలి గీరుకుంది నాకు. రోజూ వెళ్ళేవాళ్ళకి అదొక గుర్తు. అయినా అంత గట్టిది కాబట్టే లోపల డ్రెస్సింగ్ పోసినా మెత్తబడి జారిపోదు. గంట తర్వాత విప్పినా నిలబడే ఉంటుంది. బీచ్‌కి పట్టుకెళ్ళేవాళ్ళకి కావాల్సింది అదే.

వదిన: ఇప్పుడు నా సంగతి. నేను మాంసం తినను. ఇలాంటి కొట్లలో మాలాంటివాళ్ళకి కష్టం ఎక్కడంటే, పెట్టకపోవడంలో కాదు, పెట్టి తీసెయ్యడంలో. వేరే ఊళ్ళో ఒక డెలీకి వెళ్ళాం, పేరు వద్దు. మాంసం వద్దు అని రెండుసార్లు చెప్పా. ఆ అబ్బాయి అప్పటికే కట్టి ఉన్న శాండ్‌విచ్ విప్పి, హామ్ ముక్క వేళ్ళతో లాగి, మళ్ళీ మూసి ఇచ్చాడు. నవ్వుతూ ఇచ్చాడు కూడా.

మరిది: అన్నయ్య తిన్నాడు అది.

వదిన: మీ అన్నయ్యకేం, అన్నీ తింటాడు. అప్పట్నించీ నేను రద్దీ లేని వేళ చూసుకుని వెళ్తా, ఏం కావాలో పూర్తిగా నేనే చెప్తా. బేసిటీస్‌లో ఫ్రెష్ మొజరెల్లా, టమాటా, బేసిల్ ఆకు, ఆలివ్ నూనె అని చెప్పా. ప్రొవలోన్ వద్దన్నా.

మరిది: చీజే కదా, వద్దెందుకు?

వదిన: రెండు కారణాలు. ఒకటి, గట్టి చీజ్‌ని మిషన్ మీద పల్చగా కోస్తారు. ఆ మిషన్ మీదే సలామీ కూడా కోస్తారేమోనన్న అనుమానం నాకు ఎక్కడికెళ్ళినా ఉంటుంది. మొజరెల్లా ఉండ అయితే కత్తితో కోస్తే సరిపోతుంది. రెండోది రెన్నెట్. పాలు విరగడానికి వేసేది. పాతకాలపు ఇటాలియన్ చీజుల్లో అది దూడ పొట్టలోంచో, గొర్రెపిల్ల పొట్టలోంచో తీసిందే. చీజ్ మీద పార్మిజానో రెజానో అని రాయాలంటే దూడ రెన్నెట్ వాడి తీరాలని రూలే ఉంది. మనవాళ్ళు వెజ్ పాస్తా అని ఆర్డరిచ్చి, పైన అదే చల్లించుకుని తింటారు. తినండి, నాకేం. తెలిసి తినండి అంటున్నా.

మరిది: ఈ ఎపిసోడ్ తర్వాత మనకి సగం మంది తగ్గిపోతారు.

వదిన: పోనీలే. నాకు ఆ కౌంటర్ దగ్గర నచ్చింది ఒకటి చెప్తా. మొదటిసారి భయపడుతూ, గబగబా చెప్పేశా. అతను చేతిలో కత్తి కింద పెట్టి, "మళ్ళీ చెప్పండి, మెల్లిగా" అన్నాడు. నా వెనక అంతమంది ఉన్నారు, ఎవరూ నసగలేదు. వాళ్ళకీ తెలుసు, తమ వంతు వచ్చినప్పుడు తామూ అంతే సేపు తీసుకుంటారని. చీటీ ఉన్న చోట తోసుకోవడం ఉండదు. అందుకే నువ్వు ఫోన్లో ఆర్డర్ పెట్టేసి, పొట్లం తీసుకుని వచ్చేస్తుంటే నాకు మండుతుంది.

మరిది: లంచ్ బ్రేక్ ఎంతసేపు వదినా! కారు పెట్టుకోడానికే సగం పోతుంది. వినేవాళ్ళకి ఒక చిట్కా. కారు వద్దు. మెట్రో "E" లైన్ ట్రైన్ ఎక్కి డౌన్‌టౌన్ శాంటా మోనికాలో, అంటే ఆఖరి స్టేషన్లో దిగండి. నాలుగో వీధి అది. లింకన్ దాకా నడిచి వెళ్ళిపోవచ్చు. ఇంకోటి, సోమవారం వెళ్ళకండి, సెలవు.

వదిన: అది మాకు మూసిన తలుపు చూశాకే తెలిసింది. అత్తయ్యని తీసుకెళ్ళింది ఆ సోమవారమే.

మరిది: అమ్మ అన్న మాట గుర్తుందా? "వందేళ్ళ కొట్టుకి ఒక్కరోజు సెలవు ఉండదా ఏంట్రా" అంది. మళ్ళీ శనివారం వెళ్ళాం. శనివారం కాబట్టి నీచు ముట్టదు. ఆవిడకీ నీ మొజరెల్లాయే.

వదిన: పాలిసేడ్స్ పార్కులో, సముద్రం కనపడేలా బెంచీ మీద కూర్చున్నాం. పొట్లం విప్పగానే అత్తయ్య వాసన చూసి, సబ్జా ఆకు కదే ఇది అన్నారు. నాకు అప్పటిదాకా తట్టలేదు. మనం ఎండాకాలం నానబెట్టుకు తాగే సబ్జా గింజలు ఆ మొక్కవే! ఇన్నేళ్ళూ నేను దాన్ని ఇటాలియన్ ఆకు అనుకుంటున్నా.

మరిది: నేను తింటున్నది ఏంటని అడిగింది. గాడ్‌మదర్ అన్నా. అంటే? అంది. ఎలా చెప్పాలో తెలియక, పెద్దమ్మ లాంటిదిలే అన్నా. అంతే, ఇంట్లో దాని పేరు పెద్దమ్మ శాండ్‌విచ్ అయిపోయింది. అందులో ప్రొషూటో చూపించి, తొడ మాంసానికి ఉప్పు పట్టించి, ఏడాదికి పైగా ఆరబెడతారని చెప్పా. "ఉప్పుచేప లాగా అన్నమాట" అని తేల్చేసింది.

వదిన: మిగిలిన బ్రెడ్డు ఇంటికి తెచ్చాం. పొద్దునకి రాయి. పారేద్దామని తీస్తే అత్తయ్య చేతిలోంచి లాక్కున్నారు. కాసిని నీళ్ళు చల్లి, చిదిమి, ఉల్లిపాయ, టమాటా, కరివేపాకు పోపుతో బ్రెడ్ ఉప్మా చేశారు. నువ్వు దాచుకున్న ఆ వెనిగర్ మిరపకాయలు కూడా తరిగి వేసేశారు.

మరిది: నన్ను అడక్కుండా! టస్కనీలో కూడా ఎండిపోయిన బ్రెడ్డు నానబెట్టి, టమాటా, ఉల్లిపాయ, వెనిగర్ కలిపి పన్జనెల్లా అని చేస్తారు. ఆ మాట అమ్మకి చెప్తే, "పోపు వేస్తారా?" అంది. వెయ్యరు అన్నా. "మరి అదేం తిండి?"

వదిన: నిన్న తెనాలి నుంచి ఫోన్ చేశారు. మావయ్యకి కూడా ఆ ఉప్మా చేసి పెట్టాలట. నువ్వు డిసెంబర్లో వెళ్ళేటప్పుడు ఆ మిరపకాయలు ఓ సీసా పట్టుకురమ్మన్నారు.

మరిది: గుంటూరు జిల్లాకి నేను మిరపకాయలు మోసుకెళ్ళాలా?

వదిన: స్వెట్టర్లో చుట్టి పెట్టుకోమన్నారు, పగలకుండా.