ఇంకో రెండు పాటలంటే ఎంత?

డీజే సౌండ్ నడిపే అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం. నన్ను రేట్ల గురించి మాట్లాడమన్నారు. రేట్ల గురించి మనం రోజూ మాట్లాడుకుంటూనే ఉంటాం, ఎవడు తగ్గించి బుకింగ్ కొట్టేశాడో తిట్టుకుంటూనే ఉంటాం. అది పక్కన పెట్టి, రేటు కుదిరాక కూడా మన చేతిలోంచి జారిపోయే డబ్బు గురించి చెప్తాను. బరాత్, అదే పెళ్లి ఊరేగింపు, టైమ్ అయిపోయాక "అన్నా, ఇంకో రెండు పాటలు" అంటారే, అది.

అడిగేవాడి మీద కోపం పెట్టుకోకండి. వాడు పెళ్లికొడుకు ఫ్రెండో బావమరిదో అయి ఉంటాడు, మంచి ఊపు మీద ఉంటాడు, మనం ఎన్నింటిదాకా ఒప్పుకున్నామో వాడికి తెలియదు. డబ్బులిచ్చేది వాడు కాదు. ఇచ్చే పెద్దమనిషి, అంటే పెళ్లికొడుకు నాన్నో మేనమామో, ఆ టైమ్‌కి ఫంక్షన్ హాల్లో వంటవాళ్లతో లెక్కలు చూసుకుంటూ ఉంటాడు. అడిగేది ఒకరు, ఇచ్చేది ఇంకొకరు, మన గొడవలు సగం ఇక్కడే పుడతాయి. రోడ్డు మీద కుర్రాళ్లకు తలూపి, పొద్దున పెద్దాయన దగ్గరికెళ్లి "గంట ఎక్కువైంది సార్" అంటే, "నిన్నెవరు వాయించమన్నారయ్యా" అంటాడు. ఆయన మాటలో తప్పేముంది?

కాబట్టి అడ్వాన్స్ తీసుకునే రోజే అడగండి, టైమ్ పెంచాలంటే ఎవరు చెప్పాలి అని. ఒకే పేరు, ఒకే ఫోన్ నంబర్. ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు, ఆ తర్వాత అరగంటకు ఎంత, ఇవన్నీ తెలుగులో నాలుగు లైన్లు వాట్సాప్‌లో పెట్టి "సరే" అని రిప్లై తెప్పించుకోండి. స్టాంపు పేపర్లు అక్కర్లేదు. నోటిమాట మీద నడిచే వ్యాపారం మనది, నిజమే, కానీ పెళ్లింట్లో ఒక నోరు ఉండదు కదా, యాభై ఉంటాయి.

ఇంకో సంగతి. ఎక్స్‌ట్రా టైమ్ చివర్లో పుడుతుందనుకుంటాం గానీ, చాలాసార్లు మొదట్లోనే పుడుతుంది. ఏడింటికి బరాత్ అంటారు, మనం ఆరింటికే డీసీఎం లారీ తెచ్చి బాక్సులు కట్టి, జనరేటర్ ఎక్కించి, చెక్ చేసుకుని నిలబడతాం. పెళ్లికొడుకు మేకప్ అవ్వదు, గుర్రం రాదు, బ్యాండు వాళ్లతో బేరం తెగదు, తొమ్మిదైపోతుంది. అప్పుడు మొదలుపెట్టి "మూడు గంటల సేపు అని కదా మాట్లాడుకున్నాం, పన్నెండు వరకు వేయాలి" అంటారు. వాళ్ల లెక్క మొదటి పాట నుంచి. మన లెక్క బండి రెడీగా నిలబడ్డ నిమిషం నుంచి. ఈ తేడా ముందే చెప్పకపోతే ఎంత మంచి కస్టమరైనా మనల్ని దొంగనే అనుకుంటాడు. సిస్టమ్ రెడీ కాగానే బండి ఫోటో తీసి ఆ నంబర్‌కి పంపండి, "రెడీగా ఉన్నాం సార్" అని. ఎన్నింటికి రెడీ అయ్యామో ఆ మెసేజ్ మీదే పడుతుంది, ఎవరూ నొచ్చుకోరు.

రెండు పాటలే కదా అంటారు. రెండు పాటలు ఎప్పుడైనా రెండు పాటలతో ఆగాయా? అరగంట అవుతుంది, గంటవుతుంది. మీడియం సైజు జనరేటర్ లోడ్ మీద గంటకు నాలుగైదు లీటర్లు తాగుతుంది, డీజిల్ చూస్తే లీటరు తొంభై పైనే. అది చిన్న ఖర్చే, నేను కాదనను. పెద్దది మన దగ్గర పనిచేసే కుర్రాళ్లది. బాక్సులు దింపి, కట్టి, ఊరు చేరేసరికి తెల్లవారుతుంది, పొద్దున తొమ్మిదింటికి ఇంకోచోట హల్దీ ఫంక్షన్ ఉంటుంది. ముహూర్తాల రోజుల్లో మనకు నిద్ర ఉండదు, మూఢం వస్తే పని ఉండదు, యాంప్లిఫయర్ల మీద తీసుకున్న లోన్ కిస్తీకి మాత్రం మూఢం లేదు. సీజన్‌లో ఊరికే ఇచ్చిన గంట ఆ ఖాళీ నెలల్లో తెలుస్తుంది.

రాత్రి పది దాటాక మాత్రం ఈ బేరమే లేదు. 2000లో వచ్చిన కేంద్ర శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. మూసి ఉన్న హాలు లోపలికి మినహాయింపు ఉంది, రోడ్డుకు లేదు. రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా పన్నెండు వరకు సడలించవచ్చు గానీ, అది పండుగలూ సాంస్కృతిక వేడుకల కోసం, మన బరాత్ కోసం కాదు. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనే నిషేధించారు, గాలి ఎటు వీస్తోందో చూసుకోండి. పోలీసులొస్తే "మేం చూసుకుంటాం అన్నా, ఎస్సై మనోడే" అన్నవాడు ముందు మాయమవుతాడు. సీజ్ అయ్యేది మన మిక్సర్, మన బాక్సులు. కాబట్టి పది తర్వాతి గంట ఎక్కువ డబ్బిచ్చినా అమ్మకండి, అది మనది కాదు.

పది లోపు టైమ్ పెంచే అవకాశం ఉంటే, అయిపోయాక కాదు, ఇరవై నిమిషాల ముందే ఆ నంబర్‌కి ఫోన్ చేయండి. "సార్, ఇంకో ఇరవై నిమిషాలే ఉంది, కుర్రాళ్లు ఊపు మీదున్నారు, అరగంట పెంచమంటారా?" ఆయన వద్దంటే కుర్రాళ్లకు ఆయన పేరే చెప్పండి, వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు. సరే అంటే ఫోన్‌పే అప్పుడే వేయించుకోండి. బాకీ బ్యాలెన్స్ కూడా బరాత్ బయల్దేరక ముందే తీసుకోండి, సౌండ్ ఆగాక మన ఫోన్ ఎవరూ ఎత్తరు.

ఊరికే అస్సలు ఇవ్వొద్దా అంటే, ఇవ్వండి. అమ్మమ్మ చేతులూపుతూ వచ్చి నిలబడితే పాట మధ్యలో ఫేడర్ దించి సౌండ్ ఆపేసేవాడు డీజే కాదు. కానీ మైకులో చెప్పండి, "ఈ ఒక్క పాట మా తరఫున" అని. చెప్పి ఇస్తే గిఫ్టు, చెప్పకుండా ఇస్తే రేపటి పెళ్లికి అదే రూలు. చుట్టాలు, సర్పంచ్ గారి మనుషులు, రెగ్యులర్‌గా పనిచ్చే ఈవెంట్ వాళ్లు, వీళ్లతో ఇంకా కష్టం, ఒప్పుకుంటా. వాళ్లకు రేటులో తగ్గించండి, టైమ్‌లో కాదు.

ఇక మీరు అడగండి, మైకు వెనక వరసకి కూడా పంపండి.