మూలుగ పంపే కబురు

వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలో వచ్చిన మన కాలనీ వాళ్లందరికీ నమస్కారం. రక్తదానం గురించి నాలుగు మాటలు చెప్పమని సెక్రటరీ గారు మైకు ఇచ్చారు, కానీ నేను ముందు ఎముకల్లోని మూలుగ సంగతి చెప్తాను. మా అమ్మాయి కథంతా అక్కడే ఉంది.

మన మూలుగలో సెకనుకు దాదాపు 20 లక్షల ఎర్ర కణాలు తయారవుతాయి. ఎవరు చెప్తే? ఆక్సిజన్ తగ్గిందని పసిగట్టి, ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోన్‌తో కబురు పెట్టేది కిడ్నీ. మూలుగలో చెత్తను మింగేసే మాక్రోఫేజ్ అనే పెద్ద కణాన్ని ఒక్కోదాన్ని అంటిపెట్టుకుని లేత ఎర్ర కణాలు పెరుగుతాయి, కోడి చుట్టూ పిల్లల్లా. అవి వదిలేసిన కేంద్రకాన్ని కూడా ఆ తల్లే మింగేస్తుంది. ఆ లేత కణాలు ఎరిత్రోఫెరోన్ అనే ప్రొటీన్‌తో లివర్‌ను ఇనుము అడుగుతాయి, ఇనుముకు అడ్డుపడే హెప్సిడిన్ అనే హార్మోన్‌ను లివర్ తగ్గిస్తుంది, అప్పుడు పేగులు తిండిలోని ఇనుమును ఇంకా ఎక్కువగా లాక్కుంటాయి.

మా అమ్మాయికి తలసీమియా మేజర్, అమ్మానాన్నల నుంచి వచ్చే రక్తపు జబ్బు. హిమోగ్లోబిన్ కుదరక కణాలు మూలుగలోనే చచ్చిపోతాయి. కిడ్నీ కబురు మీద కబురు పెడుతుంది, ఒంట్లో ఇనుము పేరుకుపోయినా మూలుగ ఇంకా కావాలనే అంటుంది. మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తేనే ఆ గోల తగ్గుతుంది. ఆ రక్తంతోనూ ఇనుము వస్తుంది, బ్యాగుకు 200 మిల్లీగ్రాములకు పైనే. అందుకే రోజూ పొద్దున గ్లాసు నీళ్లలో ఆ ఇనుమును బయటికి పంపే మాత్ర కరిగించి, అడుగున అంటుకున్న పొడిలో మళ్లీ నీళ్లు పోసి తిప్పి, అదీ తాగిస్తాను.

ఒక్క నిమిషం సెక్రటరీ గారూ, ఇది చెప్పకుండా దిగను. పెళ్లికి ముందు నుంచీ నా హిమోగ్లోబిన్ 10 దాటలేదు. ఒక డాక్టరు గారు ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలే రాశారు. కణాలు మరీ చిన్నవని రిపోర్టులో ఉంది, అయినా తలసీమియా జన్యువు ఉందేమో చెప్పే హెచ్‌బీఏ2 పరీక్ష చేయించమని ఒక్కరూ అనలేదు, కడుపుతో ఉన్నప్పుడు కూడా! నేను క్యారియర్‌నని, అంటే ఆ జబ్బు లేకున్నా దాని జన్యువును మోస్తున్నానని, మా ఆయనా క్యారియరే అని పాప పుట్టాక తెలిసింది. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు నాలుగో వంతు ముప్పు. ఊదా మూత ట్యూబులో కొంచెం రక్తం, అంతే ఆ పరీక్ష. పెళ్లి కావాల్సిన పిల్లలున్నవాళ్లు దయచేసి చేయించండి, మీకు దండం పెడతాను.

హైదరాబాద్ శివరాంపల్లిలోని తలసీమియా సొసైటీకి ఒకసారి వెళ్లి చూడండి, ఎంతమంది పిల్లలో. మే నెలలో కాలేజీలుండవు, క్యాంపులుండవు, రక్తం దొరకదు. మా పాపకు ఎల్లుండి ఎక్కించాలి, ఓ పాజిటివ్. ఫారాలు ఆ కిటికీ పక్క టేబుల్ మీద ఉన్నాయి.