డాబా మీద నారు, గింజకు తగ్గ మట్టి

శ్రోతలకు నమస్కారం.

గుంటూరు వైపు పుట్టినవాళ్ళకు నల్లరేగడి అంటే ఒక గర్వం. పత్తికైనా మిరపకైనా ఆ నేలే. అందుకే నేను మొదటిసారి డాబా మీద మిరప నారు పోయాలనుకున్నప్పుడు మా చేలోంచి బస్తాడు రేగడి తెప్పించాను. ట్రేలో నింపి, గింజలు చల్లి, తడిపాను. తడిసినప్పుడు బంక, ఆరాక అట్ట. రెండు వారాలకు మట్టి నెర్రెలు విచ్చింది కానీ మొలక కనిపించలేదు. గోటితో తవ్వి చూస్తే చాలా గింజలు కుళ్ళిపోయాయి. మొలిచిన నాలుగైదూ ఆ అట్టను చీల్చుకు రాలేక మెడలు వంచి అక్కడే ఆగిపోయాయి. చాలా బాధేసింది.

నేల మంచిదే, వాడిన చోటే తప్పు. మొలిచేటప్పుడు గింజకు కావలసింది బలమైన మట్టి కాదు, గాలీ తడీ. తొలి రెండాకులు విచ్చేదాకా దాని తిండి దానిలోనే ఉంటుంది. అందుకని తేలికైన మిశ్రమం కావాలి.

ముఖ్యమైనది కోకోపీట్, అంటే కొబ్బరి పీచు తీయగా మిగిలే పొట్టు. 5 కిలోల దిమ్మ నానితే సుమారు 70 లీటర్లవుతుంది, ఇంటికి చిన్న ఇటుక చాలు. కొనేటప్పుడు కడిగినదేనా అని అడగండి. కడగని కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, లేత వేళ్ళు దానికి మాడిపోతాయి. అనుమానముంటే బకెట్లో నానబెట్టి, పాత గుడ్డలో వేసి పిండండి. మొదట డికాక్షన్ రంగులో నీళ్ళు దిగుతాయి. ఆ రంగు పలచబడేదాకా రెండు మూడుసార్లు నీళ్ళు మార్చండి. ఇక్కడ మాత్రం బద్ధకించకండి.

ఇలాంటి కోకోపీట్ రెండు పాళ్ళకు జల్లించిన వర్మీకంపోస్టు ఒక పాలు, గుప్పెడు ఏటి ఇసుక. మట్టిని గుల్లగా ఉంచే తెల్లటి తేలిక గుళికలు, పెర్లైట్, దొరికితే సరే, లేకపోయినా నష్టం లేదు. మాగని పేడ ఎరువు వద్దు. చెంచాడు ట్రైకోడెర్మా విరిడి, అంటే మేలు చేసే శిలీంధ్రం పొడి, కలిపితే నారుకుళ్ళు తెగులు తగ్గుతుంది. కలిపాక పిడికిట పట్టి పిండండి. ఒకటి రెండు చుక్కలు రాలి, ముద్ద నిలబడి, వేలితో తాకగానే విడిపోతే తడి సరిపోయినట్టే.

నర్సరీల్లో 98 గుంటల ప్రోట్రేలు, అంటే గుంటకో మొక్క పెంచే ప్లాస్టిక్ ట్రేలు, వాడతారు. మనకు అడుగున చిల్లులు పెట్టిన పేపర్ కప్పులు చాలు. పాత ట్రే అయితే బ్లీచింగ్ నీళ్ళతో కడిగి ఆరబెట్టండి.

చలిదేశాల్లో చలికి జడిసి ఇంట్లో నారు పోస్తారు, కింద వేడిచేసే మ్యాట్లు పరుస్తారు. మనం జడిసేది ఎండకూ జడివానకూ. మిరప గింజకు 25 నుంచి 30 డిగ్రీలు చాలు. ఆ వేడి విజయవాడ వరండాలో ఊరికే దొరుకుతుంది కాబట్టి మ్యాట్ మీద డబ్బు పెట్టకండి.

గింజను అర సెంటీమీటరు లోతున పెట్టి, స్ప్రేతో తడపండి. మిరప మొలవడానికి 8 నుంచి 10 రోజులు పడుతుంది, ఈలోగా టెన్షన్ పడి తవ్వి చూడకండి. మొలక కనిపించిన రోజే ఉదయపు ఎండ తగిలే చోటికి మార్చండి. గది మూలనే ఉంచితే సన్నగా సాగి ఒరిగిపోతుంది. మొదలు మెత్తబడి పడిపోతుంటే మాత్రం నీళ్ళు ఎక్కువయ్యాయని అర్థం.

సుమారు 40 రోజులకు నారు కుండీకి సిద్ధమవుతుంది. రేగడి మట్టిని అప్పుడు తీయండి. కంపోస్టూ ఇసుకా కలిపి గుల్లబరిచి, ఆ కుండీలో నింపండి.

నమస్కారం.