ఐదో మోటారు లెక్క: హెచ్‌పీ నుంచి కేవీఏ దాకా

రైతు సోదరులకు, అక్కాచెల్లెళ్లకు, ఐటీఐ పిల్లలకు నమస్కారం.

బోరు మోటారు మీద హెచ్‌పీ అని రాసి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద కేవీఏ, అంటే అది మోయగల లోడు. మీటరులో యూనిట్లు. మూడూ కరెంటు లెక్కలే అయినా ఒకదాన్ని ఇంకోదాంట్లోకి మార్చడం తెలియక ఏటా ఎండాకాలంలో ట్రాన్స్‌ఫార్మర్లు కాల్చుకుంటున్నాం. కళ్లముందు వరి ఎండిపోతుంటే ఆ బాధ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. అంటే 76 కిలోల బరువును సెకనులో ఒక మీటరు పైకి లేపే శక్తి. మన భాషలో చెప్పాలంటే, 250 అడుగుల లోతు నుంచి సెకనుకు ఒక లీటరు నీళ్లు తోడే శక్తి. అదీ పంపులో, పైపులో నష్టమేమీ లేకపోతేనే. నిజం బోరులో అందులో దాదాపు సగమే పైకి వస్తుంది. ట్రాక్టర్ల కంపెనీలు కొన్ని వాడే మెట్రిక్ హెచ్‌పీ కాస్త చిన్నది, 735.5 వాట్లు. పొలం లెక్కకు ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు.

అసలు చిక్కు ఇక్కడుంది. 5 హెచ్‌పీని 746తో గుణిస్తే 3.73 కిలోవాట్లు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇలాంటివి ఆరు నడుస్తాయని చాలామంది లెక్కేస్తారు. తప్పు. నేమ్‌ప్లేట్ మీద ఉన్న హెచ్‌పీ మోటారు షాఫ్ట్ దగ్గర ఇచ్చే శక్తి, లైను నుంచి లాగేది కాదు. మోటారు సామర్థ్యం 80 శాతం అనుకుంటే లాగేది 4.66 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టర్, అంటే లైను మోసే లోడులో నిజంగా పనికొచ్చే వంతు, 0.8 ఉంటే, దాంతో భాగించాలి. 5.8 కేవీఏ వస్తుంది. నాలుగు మోటార్లకు 23.3. ఐదోది వేశారా, 29 దాటుతుంది!

ప్రతి మోటారుకూ 2 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు కొలత) కెపాసిటర్ పెడితే పవర్ ఫ్యాక్టర్ 0.95 దగ్గరికి చేరి, అదే మోటారు 4.9 కేవీఏతో సరిపెట్టుకుంటుంది. అప్పుడు ఐదూ కలిపి 24.5. అంచుమీదే ఉన్నాం, అయినా పరిమితిలోనే ఉన్నాం. అయిదుగురూ పెట్టాలి, ఒక్కరు మానేసినా లెక్క తప్పుతుంది. అందుకే ఇది ఒక్కడి పని కాదంటాను.

యూనిట్ల సంగతి వేరు. అది లాగే కిలోవాట్లను గంటలతో గుణించిన లెక్క. ఈ మోటారు 9 గంటలు నడిస్తే సుమారు 42 యూనిట్లు.

ఇంకో మాట, కాస్త కటువుగా ఉన్నా చెప్తాను. రికార్డులో 3 హెచ్‌పీ రాయించి బోరులో 5 హెచ్‌పీ దించితే, ట్రాన్స్‌ఫార్మర్ ఎంచేటప్పుడు ఆ 3నే చూస్తారు. నష్టం లైను మీదున్న అందరిదీ. టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మీటరు) ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మోటారు నడుస్తుండగా ఒక్కో ఫేజు చూపించండి. త్రీ ఫేజులో హెచ్‌పీకి సుమారు ఒకటిన్నర ఆంపియర్లు. ముల్లు 5 దగ్గర కాకుండా 8 దగ్గర ఆగిందంటే, కాగితం మీద ఏం రాసున్నా అది 5 హెచ్‌పీ మోటారే. ఆ లోడే రాయించండి.